ఫార్మాలిటీ అనుకునే పనుల్లోనే శిక్షణ ఉంది

(పీహెచ్‌డీ కోర్స్‌వర్క్ మొదలుపెడుతున్న స్కాలర్లకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కెమిస్ట్రీ వాళ్లున్నారు, కామర్స్ వాళ్లున్నారు, తెలుగు శాఖ నుంచి కూడా చాలామంది వచ్చారు. కాబట్టి ఏ ఒక్క సబ్జెక్టు లోపలికీ వెళ్లను. పీహెచ్‌డీ చేసే ప్రతి ఒక్కరికీ ఉమ్మడిగా కావలసిన నైపుణ్యాల గురించి, వాటిని ఎక్కడ, ఎప్పుడు, ఎలా సంపాదించుకోవాలో మాట్లాడతాను.

ముందు మీ చేతిలో ఎంత కాలం ఉందో చూద్దాం. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, చేరిన తేదీ నుంచి గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఆ పైన మరో రెండేళ్ల సడలింపు ఉంది. అవే నిబంధనల్లో ఇంకొన్ని సంగతులున్నాయి. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, అందులో పరిశోధన నైతికత మీద ఒక కోర్సు తప్పనిసరి. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని చూపించాలి. తమ సబ్జెక్టుకు సంబంధించిన బోధనలో, రాయడంలో స్కాలర్లందరూ శిక్షణ పొందాలి. వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్, ల్యాబ్, పేపర్లు దిద్దడం వంటి పనులు అప్పగించవచ్చు.

వీటిని మన కారిడార్లలో ఏమంటారో మీకు తెలుసు. ‘అది ఫార్మాలిటీ, సంతకం పెట్టించుకుంటే అయిపోతుంది’ అంటారు. నేను ఈరోజు చెప్పదలుచుకున్నదంతా ఈ మాటకు ఎదురు. పీహెచ్‌డీలో వృత్తి నైపుణ్యం నేర్పే ప్రత్యేక క్లాసు ఎక్కడో ఉంటుందని వెతకొద్దు. సంతకం కోసం చేసేస్తున్న ఈ పనులే ఆ క్లాసు. వీటిని సరిగ్గా వాడుకుంటే ఖర్చు లేదు, అదనపు టైము కూడా పెద్దగా పట్టదు. వదిలేస్తే, థీసిస్ సబ్‌మిట్ చేసిన మర్నాడు చేతిలో డిగ్రీ తప్ప చూపించడానికి ఏమీ ఉండదు.

కమిటీ ప్రెజెంటేషన్‌తో మొదలుపెడతాను. సెమిస్టర్‌కు ఒకటి చొప్పున మూడేళ్లలో కనీసం ఆరు. అంటే మీ పనిని ఆరుసార్లు పెద్దల ముందు నిలబడి చెప్పే అవకాశం ఇంట్లోనే ఉంది. చాలామంది దగ్గర జరిగే పొరపాటు ఒకటే. పదిహేను నిమిషాల టైముకు నలభై స్లైడ్లు తెస్తారు. అందులో పాతిక స్లైడ్లు ‘ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఇలా చెప్పారు’ అని సాగుతాయి. అసలు ఈ ఆరు నెలల్లో మీరు ఏం చేశారన్న స్లైడు వచ్చేసరికి ఛైర్మన్ గారు గడియారం చూస్తుంటారు. కమిటీ అడిగేది మూడే: గడిచిన సమావేశంలో చెప్పిన మార్పులు చేశారా, ఈ సెమిస్టర్‌లో కొత్తగా ఏం తేలింది, ముందు ఏం చేయబోతున్నారు. కాబట్టి స్లైడ్లు పది, పన్నెండు మించొద్దు. రెండో స్లైడే పోయినసారి వచ్చిన సూచనల పట్టిక. ఎడమవైపు సూచన, కుడివైపు దానిమీద మీరు చేసింది. చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో ఒక్క వాక్యం. ఆ పట్టిక చూడగానే కమిటీ మీతో మాట్లాడే తీరు మారుతుంది.

ముందురోజు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని, నిలబడి, గొంతెత్తి ఒకసారి పూర్తిగా చెప్పుకోండి. మనసులో చదువుకుంటే తొమ్మిది నిమిషాల్లో అయిపోయినట్టుంటుంది, పైకి చెబితే పదహారు పడుతుంది. సమావేశం అయిన రోజే, ఎవరు ఏ సూచన చేశారో రాసి గైడ్‌కు మెయిల్ పెట్టండి. ఆ మెయిలే వచ్చే సెమిస్టర్ రెండో స్లైడు.

గైడ్‌తో కలిసే ప్రతిసారీ ఇదే పద్ధతి. ‘సార్, ఒకసారి కలవాలి’ అని మెసేజ్ పెట్టి, ఖాళీ చేతులతో తలుపు దగ్గర నిలబడితే ఆ సమావేశం ‘ఎంతవరకు వచ్చింది?’, ‘జరుగుతోంది సార్’ దగ్గరే ఆగిపోతుంది. ముందురోజు సగం పేజీ పంపండి. అందులో ఏం చేశాను, ఎక్కడ ఆగాను, మీ నుంచి ఏ నిర్ణయం కావాలి అని మూడు విషయాలుండాలి. మూడోది చాలా ముఖ్యం. ‘శాంపిల్ సైజు గురించి మాట్లాడాలి’ అని రాస్తే ఉపన్యాసం వస్తుంది. ‘రెండు మండలాలా, మూడా? మూడైతే ఫీల్డ్‌వర్క్ ఇంకో రెండు నెలలు పెరుగుతుంది, రెండు చాలని నా అభిప్రాయం’ అని రాస్తే నిర్ణయం వస్తుంది. గైడ్ మాటకు ఎదురు చెప్పడం మన దగ్గర కష్టమే, ఆ గౌరవం ఉండవలసిందే. కానీ కాగితం మీద కారణాలతో పెట్టిన అభిప్రాయాన్ని ఎవరూ ధిక్కారం అనుకోరు. పెద్దల ముందు సొంత అభిప్రాయం చెప్పడం నేర్చుకునేది ఇక్కడే. రేపు వైవాలో ఎగ్జామినర్ ముందు మీకు కావలసింది అదే.

ఇప్పుడు రాయడం. ఈ రోజు ఎక్కువసేపు దీనిమీదే ఉంటాను, ఎందుకంటే పీహెచ్‌డీలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ‘పనంతా అయ్యాక చివరి ఏడాది కూర్చుని రాద్దాం’ అనుకుంటారు. పని చేసిన రోజున రాయనిది రెండేళ్ల తర్వాత గుర్తుండదు. ల్యాబ్ వాళ్లైతే ఏ మిషను, ఏ మోడలు, ఎంత ఉష్ణోగ్రత, ఎన్ని నిమిషాలు, కెమికల్ ఏ కంపెనీది, ఏ గ్రేడుది. ఫీల్డ్ వాళ్లైతే ఇంటర్వ్యూ ఎక్కడ జరిగింది, ఎంతసేపు, ఏ భాషలో, పక్కన ఇంకెవరైనా ఉన్నారా. భర్త పక్కన కూర్చున్నప్పుడు ఒక మహిళ ఇచ్చిన జవాబు వేరు, ఒంటరిగా ఉన్నప్పుడు ఇచ్చినది వేరు. ఆ సంగతి ఆ సాయంత్రం రాయకపోతే పోయినట్టే. మెథడ్స్ చాప్టర్ మొదటి ప్రయోగం రోజే మొదలు కావాలి. రోజుకు అరగంట చాలు, కానీ రోజూ ఒకే వేళకు.

చదివేటప్పుడు తీసుకునే నోట్సు ఇంకా ముఖ్యం. ఒక్కో పేపరుకు సగం పేజీ: ఏ ప్రశ్న వేశారు, ఎలా చేశారు, ఏం తేలింది, ఎక్కడ లోపం ఉంది, నా పనికి ఎందుకు పనికొస్తుంది. ఇది రాసే పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా వినండి. పేపర్ చదవండి. మూసేయండి. మీ మాటల్లో రాయండి, తెలుగులో రాసినా సరే. తర్వాత మళ్లీ తెరిచి అంకెలు, పేజీ నంబరు సరిచూసుకోండి. పేపరు పక్కన తెరిచి పెట్టుకుని రాస్తే చెయ్యి తెలియకుండానే వాక్యాన్ని దించేస్తుంది. నాలుగు మాటలు మారతాయి, వాక్యం ఎముకలు మాత్రం వాళ్లవే ఉంటాయి. రెండేళ్ల తర్వాత ఆ నోట్సు చూసి అది మీ సొంత వాక్యమే అనుకుంటారు. ప్లేజియరిజం, అంటే ఇంకొకరి రాతను సొంతమని చూపించే చౌర్యం, కేసుల్లో కావాలని దొంగతనం చేసినవాళ్లతో పాటు ఇలా నోట్సు దగ్గరే తప్పటడుగు వేసినవాళ్లూ ఉంటారు.

శిక్షలు ఎలా ఉంటాయో తెలుసుకోండి. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో నాలుగు స్థాయులున్నాయి. మీ రాతకు ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 లోపు అయితే ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇక్కడ ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. ‘పది శాతం లోపు వస్తే చాలు’ అంటారు. ఈ మాట సగమే నిజం. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు — ఇవి మీ సొంతం అయి ఉండాలి, వీటిలో పోలికే ఉండకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఏడు శాతమే వచ్చినా, ఆ ఏడు శాతమూ ఇంకొకరి ఫలితాల పేరా అయితే అది చౌర్యమే. సాఫ్ట్‌వేర్ కొలిచేది అక్షరాల పోలికను. చౌర్యమా కాదా అన్నది మనిషి చదివి తేల్చాలి.

శాతం తగ్గించడానికి మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. 2021లో కొందరు పరిశోధకులు ప్రచురితమైన పేపర్లలో వింత పదబంధాలను వెతికి పట్టుకున్నారు. ‘బ్రెస్ట్ క్యాన్సర్’ అని ఉండాల్సిన చోట ‘బూజమ్ పెరిల్’, ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అని ఉండాల్సిన చోట ‘కౌంటర్‌ఫిట్ కాన్షియస్‌నెస్’. మిషను పర్యాయపదాలు పెట్టింది, మనిషి చదవకుండా పంపాడు. అలా దొరికిన పేపర్లు చాలా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇప్పటి ఏఐ చాట్‌బాట్లు ఇంత మొరటుగా దొరకవు కానీ, లేని పేపర్లకు రిఫరెన్సులు పుట్టిస్తాయి. భాష దిద్దుకోవడానికి వాడితే ఆ సంగతి జర్నల్‌కు చెప్పండి. అది ఇచ్చిన ప్రతి రిఫరెన్సూ అసలు పేపర్ తెరిచి చూసేదాకా నమ్మొద్దు.

ఇంగ్లీషు గురించి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఈ హాల్లో సగం మందైనా ఉంటారు. మీ ఇబ్బంది తెలివికి సంబంధించింది కాదు, రెండు భాషల నిర్మాణానికి సంబంధించింది. తెలుగులో క్రియ చివరికొస్తుంది. ‘మూడు మండలాల్లో వానాకాలంలో రైతుల దగ్గర సేకరించిన నీటి నమూనాలను...’ అని ఎంతసేపైనా విశేషణాలు పేర్చుకుంటూ వెళ్లి, చివర క్రియ పెట్టి ముగిస్తాం. మన చెవికి అది హాయిగానే ఉంటుంది. అదే అలవాటుతో ఇంగ్లీషు రాస్తే కర్తకూ క్రియకూ మధ్య ఇరవై మాటలు పడతాయి, చదివేవాళ్లు దారి తప్పుతారు. ఇంగ్లీషులో ఎవరు, ఏం చేశారు అన్న రెండూ వాక్యం మొదట్లోనే దగ్గరదగ్గరగా రావాలి. వాక్యం పాతిక మాటలు దాటితే రెండుగా విరవండి. ఇక ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ మన భాషలో లేవు కాబట్టి మనకు చెవితో పట్టుబడవు. రాసేటప్పుడు వాటి జోలికి పోవద్దు, రాయడం ఆగిపోతుంది. చివర్లో వాటి కోసమే ఒకసారి మొత్తం చదవండి. ఒకసారి ఒకే రకం తప్పు వెతికితే దొరుకుతుంది, అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు వేరుగా ఒక మాట. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించొద్దు. ఆ ఫైలు తెర మీద తెలుగులా కనిపిస్తుంది కానీ లోపల నిల్వ ఉండేది తెలుగు అక్షరాలు కాదు, ఇంగ్లీషు కీబోర్డు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే చిందరవందర గుర్తులు వస్తాయి. పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కు అందులో ఒక్క తెలుగు మాట కూడా కనపడదు. థీసిస్ శోధ్‌గంగలోకి, అంటే దేశంలోని థీసిస్‌లన్నీ దాచే ఆన్‌లైన్ భాండారంలోకి, ఎక్కాక ‘బతుకమ్మ’ అని వెతికితే మీ థీసిస్‌లో ఆ మాట వెయ్యిసార్లు ఉన్నా దొరకదు. మీ అయిదేళ్ల పని కళ్లముందే ఉండి కూడా ఎవరికీ చేరదు. మొదటిరోజు నుంచీ యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలుగానే నిల్వ ఉండే పద్ధతిలో, మీరే టైప్ చేయండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రోజుకు అరగంట సాధన చేస్తే కొన్ని వారాల్లో చేతికొస్తుంది. మండలి, రామభద్ర, నోటో వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటికే అనులో ఉన్న ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు కానీ మార్చాక వరుస వరుసా సరిచూడండి. ఒత్తులు, సంయుక్తాక్షరాలు అక్కడక్కడా విరుగుతాయి, పాత పద్యాలుంటే మరీ ఎక్కువ.

రాసింది ఎక్కడ ప్రచురించాలన్నది తర్వాతి ప్రశ్న. 2016 నిబంధనల్లో సబ్‌మిషన్‌కు ముందు ఒక పేపరు, రెండు సదస్సు ప్రెజెంటేషన్లు తప్పనిసరిగా ఉండేవి. 2022లో యూజీసీ ఆ షరతు తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకున్న నియమం ఉందేమో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తాను ఆమోదించిన జర్నళ్ల పట్టిక అయిన కేర్ జాబితాను కూడా యూజీసీ ఎత్తేసింది, 2025 ఫిబ్రవరిలో ఆ సంగతి ప్రకటించింది. అంటే జర్నల్ మంచిదా కాదా తేల్చే పని ఇప్పుడు మీ మీద, మీ డిపార్ట్‌మెంట్ మీద పడింది. కాబట్టి ఇది కూడా ఒక నైపుణ్యమే. ‘వారంలో ప్రచురణ, ఈ-సర్టిఫికెట్ ఉచితం’ అని వాట్సాప్‌లో వచ్చేదేదీ జర్నల్ కాదు. ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అది నాణ్యతకు ముద్ర కాదు. పరిశోధన పత్రికల సూచిక అయిన స్కోపస్‌లో ఉన్నామని జర్నల్ చెబితే స్కోపస్ సొంత జాబితాలో చూడండి, జర్నల్ వెబ్‌సైట్‌లో పెట్టిన లోగోను నమ్మొద్దు. ఆ జాబితాలో ఉన్న లింకు మీదుగానే జర్నల్ సైట్‌కు వెళ్లండి, మెయిల్‌లో వచ్చిన లింకు మీదుగా కాదు. అసలు జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ రెండూ కాపీ కొట్టి నకిలీ సైట్లు పెట్టి డబ్బు వసూలు చేసేవాళ్లున్నారు. ఆ జర్నల్‌లో వచ్చిన మూడు పేపర్లు పూర్తిగా చదవండి. మీ రంగంలో అవి నిలుస్తాయా లేదా మీకే తెలుస్తుంది.

చదవడానికి డబ్బు లేదనే అడ్డు చాలావరకు తొలగింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. ముప్ఫై మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. లైబ్రరీకి వెళ్లి లాగిన్ అడగండి, ఇవాళే.

పేపరు మీద ఎవరి పేరు ముందుండాలన్నది మాత్రం పని మొదలయ్యే రోజునే తేల్చుకోవాలి. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో డేటాలోనో గట్టి భాగం ఉండాలి, రాయడంలోనో లోతుగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉంటేనే రచయిత. మిషను వాడుకోనిచ్చినందుకు కృతజ్ఞతల్లో పేరు రాస్తారు, రచయితల్లో కాదు. ఇది గైడ్‌తో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే, ‘పేపర్ ప్లాన్’ అని ఒక పేజీ రాసి ఎవరు ఏ పని చేస్తున్నారో పట్టిక పెట్టి చూపించండి. గొడవ లేకుండా సంభాషణ మొదలవుతుంది.

డేటా దాచుకోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ పోయినప్పుడు ఏడాది పని పోతుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఒరిజినల్ ఫైనల్’ — ఈ పేర్లు ఎవరి ల్యాప్‌టాప్‌లో లేవు చెప్పండి. ఫైలు పేరు మొదట్లో తేదీ పెట్టండి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో. 20250714 అని మొదలైతే ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. మూడు కాపీలు ఉండాలి, రెండు వేర్వేరు పరికరాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. ల్యాప్‌టాప్, అదే బ్యాగులో పెన్‌డ్రైవ్ అయితే రెండూ ఒకే బస్సులో పోతాయి. మిషను నుంచి వచ్చిన అసలు డేటా ఫైలును ఎప్పుడూ ముట్టుకోకండి. కాపీ మీదే పని చేయండి.

ఎక్సెల్‌లో ఒక ప్రమాదం చూపిస్తాను. గ్రామ సర్వే చేసే స్కాలర్ భూమి సర్వే నంబరు 12/3 అని కొడతారు. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. కంప్యూటర్ సెట్టింగును బట్టి మార్చి 12 అవుతుంది, లేదా డిసెంబరు 3 అవుతుంది. కానీ 45/2 మాత్రం తేదీ కాలేదు కాబట్టి అలాగే ఉండిపోతుంది. నాలుగొందల వరుసల్లో నలభై మారిపోయి, మిగతావి బాగానే ఉంటే కంటికి ఆనదు. తర్వాత ఫార్మాట్ మార్చినా అసలు నంబరు తిరిగి రాదు, ఏదో పెద్ద అంకె వస్తుంది. డేటా కొట్టకముందే ఆ కాలమ్ మొత్తాన్ని ‘టెక్స్ట్’గా మార్చాలి. ఇది మన ఒక్కరి ఇబ్బంది కాదు. ‘మార్చ్’, ‘సెప్ట్’ అని మొదలయ్యే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని చివరికి జన్యువుల పేర్లు పెట్టే కమిటీయే 2020లో ఆ పేర్లు మార్చింది. ఇంకో జాగ్రత్త: ప్రతి కాలమ్‌కూ అర్థం రాసిన వేరే షీట్ ఒకటి ఉండాలి. జవాబు ఇవ్వనివాళ్లకు 99 అని పెట్టి, ఆ సంగతి రాసుకోకపోతే, రెండేళ్ల తర్వాత సగటు వయసు లెక్కలో ఆ 99లన్నీ ముసలివాళ్లుగా చేరిపోతాయి.

బోధన విషయానికి వస్తాను. వారానికి నాలుగు గంటలు, పదహారు వారాల సెమిస్టర్ అనుకుంటే 64 గంటలు. ఏ శిక్షణ సంస్థా మీకు ఇన్ని గంటలు నిజమైన విద్యార్థులను ఇవ్వదు. యాభై నిమిషాల క్లాసుకు ఒక పేజీ ప్లాన్ రాయండి. పై వరుసలో ఒకే వాక్యం: ‘ఈ క్లాసు అయ్యేసరికి విద్యార్థి ఈ పని చేయగలగాలి.’ ‘తెలుసుకోవాలి’ అని రాయొద్దు, అది పరీక్షించలేం. ‘ఇచ్చిన డేటాకు సగటు, మధ్యస్థం రెండూ కట్టి ఏది సరిపోతుందో చెప్పగలగాలి’ అని రాయండి. పదిహేను నిమిషాలకోసారి వాళ్ల చేత ఏదో ఒకటి చేయించండి. పేపర్లు దిద్దేటప్పుడు ఒక్క పేపరూ తెరవకముందే మార్కుల విభజన కాగితం మీద ఉండాలి. ఒక విద్యార్థి పేపరు మొత్తం దిద్ది ఇంకొకరిది తీయకండి. అందరి మొదటి ప్రశ్న దిద్ది, తర్వాత అందరి రెండో ప్రశ్న దిద్దండి. లేకపోతే మొదటి జవాబు బాగున్న విద్యార్థికి చివరి జవాబులో కూడా తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ పడతాయి. ప్లాన్లు, ప్రశ్నపత్రాలు, విద్యార్థుల అభిప్రాయాలు ఒక ఫోల్డర్‌లో దాచండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ‘డెమో ఇవ్వండి’ అన్నప్పుడు ఆ ఫోల్డరే మీకు అండ.

అసిస్టెంట్ ప్రొఫెసర్ మాట వచ్చింది కాబట్టి: 2023 జులై నుంచి ఆ పోస్టుల్లో నేరుగా చేసే నియామకాలకు జాతీయ స్థాయి అర్హత పరీక్ష నెట్, లేదా రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్ లేదా స్లెట్ కనీస అర్హత. ఆంధ్రప్రదేశ్ సెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలంగాణ సెట్‌ను ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్నాయి. ఇంకా రాయనివాళ్లు మొదటి ఏడాదే రాసేయండి, కోర్స్‌వర్క్ చదువు తాజాగా ఉన్నప్పుడే.

మీ పని బయటివాళ్లకు చెప్పడం వేరే విద్య. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీ మొదలుపెట్టింది. మూడే నిమిషాలు, కదలని స్లైడు ఒక్కటే. మూడు నిమిషాలు దాటితే పోటీ నుంచి తీసేస్తారు. మన దగ్గర పోటీ లేకపోయినా ఆ కొలత పెట్టుకుని సాధన చేయొచ్చు. ఉదాహరణకు నల్లగొండ ఫ్లోరైడ్ మీద పని చేసే స్కాలర్ ఉన్నారనుకోండి. ‘భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ గాఢతలో రుతువారీ వ్యత్యాసాల అధ్యయనం’ అని మొదలుపెడితే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫోను తీస్తారు. ఇలా మొదలుపెడితే? ‘గారపట్టిన పళ్లతో ఉన్న పిల్లల్ని నల్లగొండ పల్లెల్లో చూసి ఉంటారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. ఒక బోరును ఏడాదికి ఒక్కసారి పరీక్షిస్తే, ఆ అంకె ఏడాదంతా అలాగే ఉంటుందా? ఎండాకాలం ఒకలా, వానలు పడ్డాక ఒకలా ఉంటే ఆ ఒక్క పరీక్షను నమ్మి నీళ్లు తాగొచ్చా? నేను అదే బోర్లను నెలనెలా కొలుస్తున్నాను.’ సైన్సు ఏమీ తగ్గలేదు. ప్రశ్న ముందుకొచ్చింది, అంతే. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2018లో ‘అవసర్’ పేరుతో స్కాలర్లు తమ పరిశోధనను సామాన్య పాఠకుల కోసం రాసే పోటీ పెట్టింది కూడా ఇలాంటి రాత కోసమే. తెలుగు పత్రికల్లో ఇలాంటి వ్యాసాలకు ఎప్పుడూ కొరత ఉంటుంది. మీ ఊరివాళ్లకు అర్థమయ్యేలా మీ పరిశోధన మీరు తప్ప ఎవరు రాస్తారు?

యూనివర్సిటీ బయట ఉద్యోగాల గురించి కొద్దిగానే చెబుతాను. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని బయోటెక్ కంపెనీలకో, సర్వే సంస్థలకో పంపేది అకడమిక్ సీవీ కాదు. రెండు పేజీల్లో మీరు ఏం చేయగలరో, దానికి రుజువేమిటో ఉండాలి. ‘హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతి) తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగరు. ఏ రకం నమూనాలకు మెథడ్ తయారుచేశారు, ఎన్ని నమూనాలు నడిపారు, పీక్‌లు కలిసిపోతే ఎలా విడదీశారు అని రాస్తే ఆగుతారు. ‘ఫీల్డ్‌వర్క్ చేశాను’ కాదు, ఎన్ని ఇళ్లు, ఎంతమంది సర్వేయర్లకు తర్ఫీదు ఇచ్చారు, ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి మళ్లీ వెనక్కి అనువదించి సరిచూశారా. ఈ వివరాలన్నీ మీ ల్యాబ్ పుస్తకంలో, ఫీల్డ్ డైరీలో ఉండాలి. అందుకే మొదటి రోజు నుంచీ రాయమన్నాను. కొత్తగా ఏదైనా కనిపెట్టామని అనిపిస్తే మాత్రం సదస్సులో చెప్పకముందే యూనివర్సిటీ పేటెంట్ సెల్‌కు వెళ్లండి. బహిరంగంగా చెప్పేశాక కొత్తదనం పోతుంది, పేటెంట్ చిక్కుల్లో పడుతుంది. ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, దరఖాస్తు ముందు పెట్టుకుంటే పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల టైము ఉంటుంది.

నేను చెప్పడం ఇక్కడితో ఆపుతాను. ఇప్పుడు మీ అందరికీ తలా ఒక తెల్ల కాగితం అందుతోంది. మీ పరిశోధన ప్రశ్నను నాలుగు వాక్యాల్లో రాయండి, తెలుగులో. ఐదు నిమిషాలు. రాశాక మీ డిపార్ట్‌మెంట్ కానివాళ్లతో కాగితం మార్చుకోండి. వాళ్లకు అర్థం కాని ప్రతి మాట కింద గీత గీయమనండి. కాగితం తిరిగొచ్చాక ఆ గీతలున్న మాటలను ముందు తీసుకుని ఒక్కొక్కటిగా చూద్దాం. వెనక వరుసలో కాగితాలు అందనివాళ్లు చెయ్యెత్తండి.